డొల్ల గోడ

గోడలు తట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఆవిడ కూతురు ఒకసారి అడిగింది. ఉద్యోగమే. పాత భవనాల గోడలకి పూసిన సున్నపు గార పైకి నున్నగా, ఎంతో బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. లోపల ఎక్కడో ఇటుకని వదిలేసి, ఊరికే గాలిని కరుచుకుని నిలబడి ఉంటుంది. అది కంటికి దొరకదు, చెవికి దొరుకుతుంది. కొయ్య సుత్తితో మెల్లగా తడితే గట్టి గార ‘టక్’ అంటుంది. వదిలేసిన గార ‘డొబ్’ అంటుంది. డొబ్ అన్న మేరకి సుద్దముక్కతో చుట్టూ గీత గీసి, మధ్యలో తేదీ వేసి, ఆ గీతని కాగితం మీదున్న గోడ బొమ్మలోకి ఎక్కించడం ఆవిడ పని. పద్దెనిమిదేళ్ళుగా అదే చేస్తోంది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, మాటల మధ్యలో వేళ్ళు వాటంతటవే గోడ మీదకి పోతాయి.

సైటులో అందరూ ఆవిడని డాక్టరమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది మేస్త్రి.

“ఛాతీ మీద తట్టి చూసి, ‘చెప్పాల్సినవాళ్ళకి చెప్పుకోండి’ అనే డాక్టరు ఉంటాడు చూడండి, ఈవిడ గోడలకి ఆ టైపు,” అని మొదటిరోజే అందరికీ పరిచయం చేశాడు.

ఆ భవనం ఒకప్పుడు హాస్టలు బడి. ఆదివాసుల పిల్లల్ని ఇళ్ళ దగ్గర్నించి తీసుకొచ్చి, నోట్లోంచి వాళ్ళ భాష తీసేసి, వేరే భాష పెట్టి పంపడానికి కట్టిన బడి. కొందరు తిరిగి వెళ్ళారు, కొందరు వెళ్ళలేదు. బడి మూతపడ్డాక ఎన్నో ఏళ్ళు గోడౌనుగా ఉంది. కిందటేడు మంటలు లేచి పైకప్పు సగం కాలిపోయింది. ఇక కూలగొట్టేస్తారనుకుంటే, ఆ ఆదివాసుల సంఘమే పట్టుబట్టి దాన్ని తమ చేతిలోకి తీసుకుంది. తమ సాంస్కృతిక కేంద్రం అక్కడే పెట్టుకుంటామంది. కింద భాష నేర్పే గదులు, పైన పాటల గది, పాత ఫొటోల గది.

“కూలగొట్టేస్తే అసలు జరగనట్టే అయిపోతుంది,” అని సంఘం పెద్దావిడ, అందరూ అవ్వా అని పిలిచే మనిషి, మొదటి మీటింగులోనే చెప్పేసింది. “ఉండనీ. ఇందులోనే మా పిల్లలు మా భాష గొంతెత్తి మాట్లాడాలి. ఈ గోడలు వినాలి.”

గోడలు వింటాయో లేదో గానీ, నిలబడతాయో లేదో తేల్చాల్సింది డాక్టరమ్మ. మిగతా గదులన్నీ అయిపోయాయి. ఆఖరికి పడక హాలు మిగిలింది. అరవై ఇనప మంచాలు వరసగా వేసిన పొడుగాటి హాలు. మంచాలు లేవు, వాటిని నేలకి బిగించిన మేకుల తలలు మాత్రం ఉన్నాయి. పడమటి గోడ నిండా, మోకాలు ఎత్తు నించి ఛాతీ ఎత్తు దాకా, పిల్లలు గోళ్ళతో, మేకులతో గీసిన గీతలు. ఒక పిట్ట. ఒక ఆకు. నిచ్చెనలాంటిదేదో. ఆ గోడలో మూడో వంతుకి మించి డొల్ల తేలితే గార మొత్తం చెక్కేయాలని ఇంజనీరు చెప్పేశాడు. చెక్కేస్తే ఆ గీతలన్నీ పొడిగా రాలిపోతాయి. శుక్రవారం పొద్దున రిపోర్టు ఇవ్వాలి.

పగలు ఆ పని కుదరదు. కోత మిషన్ల రొదలో గోడ చెప్పేది వినబడదు. అందుకని అయిదింటికి పనివాళ్ళు దిగిపోయాక ఆవిడ పైకి ఎక్కేది. చలికాలం కాబట్టి అప్పటికే హాల్లో చీకటి. ఒక బ్యాటరీ దీపం, సుత్తి, సుద్దముక్కలు, కిటికీ గట్టు మీద ఫోను. కాలిన దూలాల వాసన, తడిసిన సున్నం వాసన, ఎక్కడో మూల పావురాలు సర్దుకుంటున్న చప్పుడు.

ఫోను అంటే, దాని కథ చెప్పాలి. ఆవిడకి ఇద్దరు పిల్లలు. పెద్దాడికి పదకొండు, పిచ్చుక అని పిలిచే పిల్లకి ఆరు. ఇద్దరూ మూడు గంటల బస్సు దూరంలో, ఆవిడ అక్క ఇంట్లో ఉంటున్నారు. పని ఎక్కడ దొరికితే అక్కడ ఉండాల్సిన బతుకు, పిల్లల బడి మాత్రం ఏడాదికోసారి మార్చలేం కదా. శనివారం రాత్రి వెళ్తుంది, ఆదివారం సాయంత్రం వచ్చేస్తుంది. మిగతా ఆరు రోజులూ ఫోనులోనే పెంపకం. పాలు తాగారా, గోళ్ళు తీశారా, దగ్గు తగ్గిందా, ఆ దగ్గు పొడి దగ్గా తడి దగ్గా. ప్రతి సాయంత్రం అయిదున్నర నించి ఏడింటి దాకా లైను తెరిచే ఉంచేది. అక్కడ బల్ల మీద అక్క ఫోను, ఇక్కడ కిటికీ గట్టు మీద ఈవిడ ఫోను. వాళ్ళు హోంవర్కు చేసుకునేవాళ్ళు, ఈవిడ గోడ తట్టుకునేది. పెద్దగా మాటలు ఉండేవి కావు. పుస్తకం పేజీ తిరిగిన చప్పుడు, పెద్దాడు విసుక్కున్న చప్పుడు, అంతే. ఆ గంటన్నరలోనే తను ఇంట్లో ఉన్నట్టు ఉండేది.

సోమవారం పిచ్చుక ఒక ఆట కనిపెట్టింది. ఈవిడ ఇక్కడ టక్ టక్ అని తడితే, అది అక్కడ పెన్సిలుతో బల్ల మీద టక్ టక్ అనేది.

“నా బల్ల గట్టిగా ఉందా డాక్టరమ్మా?” అని అడిగేది, మేస్త్రి మాట ఎలాగో వినేసి.

“గట్టిగానే ఉంది. నీ తెలుగు పుస్తకమే డొల్లగా ఉన్నట్టుంది, తెరిచావా?”

“అమ్మా, దీన్ని ఆపమను. నాకు లెక్కలు తప్పుతున్నాయి,” అని పెద్దాడు.

“నీకు అది తట్టకపోయినా తప్పుతాయి రా,” అని వెనకనించి అక్క.

ఆవిడ నవ్వుకుంది. ఆ రోజు గోడ అవతలి చివర, మూల దగ్గర, ఒకటే డొల్ల దొరికింది. ముడుచుకు కూచున్న పిల్ల అంత ఉంది. గీత గీసి, తేదీ వేసింది. గోడ బతికేటట్టే ఉందని ప్రాణం కుదుటపడింది.

ఆవిడకో అలవాటు ఉంది. ఇవాళ పని మొదలుపెట్టే ముందు నిన్నటి గీతలు ఒకసారి తట్టి చూసుకుంటుంది. అనుమానం మనిషి. గ్యాసు కట్టానా లేదా అని మెట్లు దిగాక మళ్ళీ ఎక్కే రకం. మంగళవారం అలాగే వెళ్ళి మూలనున్న సుద్ద గీత లోపల తట్టింది.

టక్.

ఇంకోసారి తట్టింది. పైన, కింద, మధ్యలో. టక్, టక్, టక్. రాయిలా ఉంది. గార ఒకసారి ఇటుకని వదిలాక మళ్ళీ అతుక్కోదు. పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. అలసటలో ఏదో పొరపాటు చేసి ఉంటాననుకుని, కాగితం మీద కొట్టేసి, ముందుకి జరిగింది. రెండు బారలు జరిగాక, నిన్న గట్టిదని రాసుకున్నచోట, డొబ్ అంది. గీత గీసింది. వెనక్కి వచ్చి దూరం నించి చూసింది. రెండు గీతలూ ఒకే ఎత్తులో, ఒకే కొలతలో ఉన్నాయి.

“సరిగ్గా నిద్రపోవాలి,” అని పైకే అనుకుంది.

సుత్తి కింద పెట్టి, సీసా మూత తీసి, మంచినీళ్ళు తాగుతోంది. ఫోనులో పెన్సిలు టక్ టక్ అంటూనే ఉంది. ఆగింది. మళ్ళీ టక్ టక్.

“పిచ్చుకా, చాలు తల్లీ. అన్నయ్యని చదువుకోనియ్యి.”

“నువ్వు ఆపితే నేనూ ఆపుతాను.”

“నేను ఆపేశానే. నీళ్ళు తాగుతున్నాను.”

అటువైపు పెన్సిలు బల్ల మీద పెట్టేసిన చప్పుడు.

“అబద్ధం. తడుతున్నావు,” అంది పిచ్చుక. “మెల్లగా తడుతున్నావు.”

లైనులో తన చప్పుడే తిరిగి వస్తోందేమోలే అనుకుంది ఆవిడ. అలసిన మనిషికి ఏ కారణమైనా సరిపోతుంది.

బుధవారం డొల్ల ఇంకో రెండు బారలు జరిగింది. మంగళవారం గీత లోపల రాయిలా ఉంది. ఆవిడకి తన చెవుల మీదే నమ్మకం పోయింది. మేస్త్రి భోజనం డబ్బా సర్దుకుంటుంటే ఆపి, ఒక్కసారి పైకి వచ్చి తట్టి చూడమంది. అతను తట్టాడు, చెవి ఆనించాడు, తల గోక్కున్నాడు.

“ఇది గట్టిది. అది డొల్ల. ఇందులో సందేహమేముంది?”

“నిన్న ఇది డొల్ల, అది గట్టిది.”

“మీరు ముందు రెండు రోజులు సెలవు పెట్టండి డాక్టరమ్మా. ఇలా గోడకి ఆనుకుని నిలబడితే ఏది పెచ్చో ఏది మీరో తెలీక మావాళ్ళు చెక్కేస్తారు.”

నవ్వాడు గానీ, మెట్లు దిగేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆ రాత్రి అద్దెగదిలో పడుకున్నాక ఆవిడ ఒక సంగతి గమనించింది. మూల నించి మొదలై, రోజుకి రెండు బారల చొప్పున, ఆ డొల్ల ఎటు వస్తోందీ? కిటికీ వైపు. కిటికీ గట్టు మీద రోజూ ఏముంటుంది? దీపం, సీసా, ఫోను. అంతకన్నా ఆలోచించే ఓపిక లేక అటు తిరిగి పడుకుంది.

గురువారం మధ్యాహ్నం నించి వాన. అయిదున్నరకి ఆవిడ మెట్లెక్కేసరికి హాల్లో ఎవరో కూర్చుని ఉన్నారు. దీపం అటు ఎత్తి చూసింది. అవ్వ. సున్నం బస్తా మీద కూర్చుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, గోడ వైపు చూస్తోంది.

“భయపడ్డావా అమ్మాయ్? మా మనవడు కారు తెచ్చేదాకా కూర్చుంటాను. నీ పని నువ్వు చేసుకో.”

ఆవిడ తడుతూ వచ్చింది. బుధవారం గీత లోపల, టక్. అనుకున్నదే. కిటికీ పక్కకి వచ్చింది. గట్టు కిందే, సరిగ్గా ఫోను పెట్టేచోటికి జానెడు దూరంలో, తట్టింది.

టక్.

పైన తట్టింది. కింద తట్టింది. గోడ మొత్తం, ఈ చివర నించి ఆ చివరకి, రెండుసార్లు తట్టింది. ఎక్కడా డొల్ల లేదు. పడమటి గోడ మొత్తం కొత్తగా కట్టినంత గట్టిగా ఉంది.

“ఏం వింటున్నావు తల్లీ, అంత చెవి పెట్టి?” అంది అవ్వ.

“నిన్నటి దాకా ఇక్కడొక డొల్ల ఉందవ్వా. ఇవాళ లేదు. మీ గోడకేం కాదు. చెక్కక్కర్లేదని రాసిచ్చేస్తాను.”

సంతోషిస్తుందనుకుంది. అవ్వ సంతోషించలేదు.

“ఎక్కడుండేది?”

సుద్ద గీతలు మూడూ చూపించింది. అవ్వ కర్ర ఆనించుకుని లేచి, మూలనున్న మొదటి గీత దాకా నడిచింది. ఆ గీత ముందు నేలలో మేకు తలలు నాలుగున్నాయి.

“ఇది మా చెల్లెలి మంచం,” అంది. “నాది ఆ చివర, తలుపు దగ్గర.”

వాన చప్పుడు పెరిగింది. అవ్వ గొంతు పెంచలేదు, అందుకని ఆవిడే దగ్గరికి జరిగింది.

“రాత్రిళ్ళు మాట్లాడితే దెబ్బలు. మా భాషలో మాట్లాడితే ఇంకా దెబ్బలు. అందుకని భయమేస్తే గోడ మీద తట్టేవాళ్ళం. మెలకువగా ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు తిరిగి తట్టేవాళ్ళు. తిరిగి తట్టారంటే, రా, నా పక్కలో చోటుందని. చీకట్లో పాక్కుంటూ వెళ్ళి ఆ పక్కలో దూరేవాళ్ళం. అంతే. ఇంకేం లేదు మాకు.”

“మీ చెల్లెలూ తట్టేదా?”

“అది ఏడేళ్ళది. రోజూ తట్టేది. రోజూ నేనే బదులిచ్చేదాన్ని. ఒకరోజు నాకు బట్టల వంతు పడింది. అరవై దుప్పట్లు ఉతికాను. చేతులు నావి కావనిపించింది. రాత్రి అది తట్టింది. విన్నాను. చెయ్యి లేపుదామనుకున్నాను. మళ్ళీ తట్టింది... నేను మెలకువగానే ఉన్నానని దానికి తెలుసు. నాకూ తెలుసు.” అవ్వ గీతని వేలితో ముట్టుకోబోయి ఆగింది. “నిద్రపోయాను తల్లీ. పొద్దున చూస్తే మంచం ఖాళీ. ఆసుపత్రికి పంపామన్నారు. ఆ ఆసుపత్రి ఎక్కడుందో ఈరోజుకీ ఎవరూ చెప్పలేదు.”

ఆవిడ తన చేతిలో సుత్తి ఉందన్న సంగతి అప్పుడు చూసుకుంది. తట్టేది తనే. నాలుగు రోజులుగా ఈ గోడ నిండా తట్టింది. కానీ తను ఎవరికీ బదులివ్వలేదు. బదులిచ్చింది...

కిటికీ గట్టు వైపు తిరిగి చూసింది.

బదులిచ్చింది పెన్సిలు.

ఫోను తీసి అక్కకి చేసింది. వేళ్ళు తడిగా ఉండి రెండుసార్లు తప్పు నొక్కింది.

“ఏమే, ఇవాళ ఆలస్యం చేశావు?” అంది అక్క. “తిన్నావా?”

“పిచ్చుకేదీ?”

“పడుకుంది. బడి నించి వచ్చినప్పటినించీ నిద్రే. జ్వరమేం లేదులే, చూశాను. మూడు రోజులుగా పొద్దున లేవట్లేదు ఆ పిల్ల. రాత్రంతా ఇరుకుగా ఉందంటుంది.”

“ఇరుకా?”

“అదేనే. అంత మంచం మీద ఒక్కత్తే పడుకుని ఇరుకేమిటే అంటే మాట్లాడదు. చెప్తే నువ్వు బస్సెక్కేస్తావని చెప్పలేదు.”

ఆవిడ ఫోను స్పీకరులో పెట్టి కిటికీ గట్టు మీద ఉంచింది. అవ్వ దగ్గరికి వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “నా పిల్ల రోజూ ఫోనులో తిరిగి తట్టేదవ్వా,” అంది ఆవిడ మెల్లగా. అవ్వ వంగి, వేళ్ళ కణుపులతో, గోడ మీద తట్టింది. రెండుసార్లు.

గోడ ఊరుకుంది.

వాన. పావురాలు. దీపం చుట్టూ సున్నపు దుమ్ము.

ఫోనులోంచి వచ్చింది.

టక్... టక్.

“పెద్దాడా, అది తట్టకురా,” అంది అక్క.

“నేను కాదు పెద్దమ్మా. నా చేతులు చూడు.”

“మరి పిచ్చుక లేచిందా?” అక్క అడుగులు వినిపించాయి. తలుపు తీసిన చప్పుడు. తర్వాత అక్క గొంతు, గుసగుసగా. “లేదే... నిద్రపోతోంది. చేతులు రెండూ దుప్పట్లోనే ఉన్నాయి.”

టక్... టక్.

“ఇదెక్కడినించే?”

అవ్వ ఫోను మీదకి వంగింది. తన భాషలో ఏదో అంది. చిన్న మాట. బతిమాలుతున్నట్టు ఉంది. ఇంకోసారి అంది. అటువైపు నించి ఏమీ రాలేదు. అవ్వ నిటారుగా నిలబడి మొహం తుడుచుకుంది.

“నా మాట వినదు. నేను బదులివ్వలేదుగా.”

“అవ్వా, నా పిల్ల...”

“చెప్తా విను. అది చెడ్డది కాదు. దానికి ఒక పక్క కావాలి, అంతే. నువ్వు ఇప్పుడే బయల్దేరు. నీ పిల్ల పక్కన పడుకో. అది తట్టినప్పుడు, నీ పిల్ల కన్నా ముందు, నువ్వు తట్టు. నీ దగ్గరికి వస్తుంది. నీ పిల్లని వదిలేస్తుంది.”

“నా దగ్గరికొస్తే?”

“నువ్వు పెద్దదానివి. మొయ్యగలవు.” అవ్వ ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుంది. “నిద్రపోకు. అదొక్కటే. నాలాగ నిద్రపోకు.”

ఆఖరి బస్సు అందింది. కిటికీ అద్దానికి తల ఆనిస్తే నిద్ర పడుతుందని, మూడు గంటలూ ముందు సీటు కడ్డీ పట్టుకుని నిటారుగా కూర్చుంది. రిపోర్టు సంగతి గుర్తొచ్చి ఫోనులోనే రాసి పంపింది. పడమటి గోడ గట్టిగా ఉంది, గార చెక్కనవసరం లేదు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ హాల్లో ఇక పిల్లలు తమ భాష గొంతెత్తి మాట్లాడుకోవచ్చు. గోడ ఖాళీ అయింది కాబట్టి నిలబడుతుంది. ఆ ఆలోచన మంచిదో కాదో తేల్చుకునే ఓపిక లేదు. కాళ్ళు పీకుతున్నాయి. కళ్ళలో ఇసక పోసినట్టుంది.

అక్క తలుపు తీసి, తడిసిన తల తుడవబోతే, ఆవిడ ఆగలేదు. పెద్దాడు సోఫాలో దుప్పటి ముసుగేసుకుని ఉన్నాడు. లోపలి గదిలో పిచ్చుక మంచానికి ఒక చివర, ఇంకొక్క అంగుళం జరిగితే కిందపడేటట్టు పడుకుంది. మిగతా మంచమంతా ఖాళీ. ఆ ఖాళీలో దుప్పటి మీద మడత లేదు.

నుదురు ముట్టుకుంది. చల్లగానే ఉంది. ఊపిరి తిన్నగా ఉంది. ఆ ఖాళీలో పడుకోవడానికి ధైర్యం చాలలేదు. మంచం పక్కన నేల మీద చాప వేసుకుని, గోడకి వీపు ఆనించి, పిచ్చుక చెయ్యి పట్టుకుని కూర్చుంది.

“నేను మేల్కొంటానే. నువ్వు పడుకో,” అంది అక్క.

“వద్దు. నేనే ఉండాలి.”

“నీ మొహం చూసుకున్నావా? నాలుగు రోజుల నించి నిద్రపోయినట్టు లేవు.”

“వెళ్ళక్కా.”

పన్నెండు దాటింది. వేడి కాఫీ చల్లారింది. తాగింది. ఒంటిగంట. వేళ్ళు గిల్లుకుంది. పాత సైట్ల గోడల కొలతలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. రెండు. ఫ్రిజ్ ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గోడకి ఆనించిన వీపు వెచ్చబడింది. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటే మంట తగ్గుతుందనిపించింది. ఒక్క నిమిషమే...

టక్... టక్.

వీపు వెనకే.

విన్నది. స్పష్టంగా విన్నది. ఇప్పుడే, ముందుగా తనే, అని తెలుసు. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. లేపాలి. ఊరికే కణుపులు ఆనిస్తే చాలు. ఎన్ని వేల గోడలు తట్టిన చెయ్యి! లే, అంది లోపలే. చెయ్యి లేవలేదు. తడిసిన దుప్పట్ల కట్టలా ఒళ్ళో పడి ఉంది. కళ్ళు తెరవాలి. తెరుస్తోంది. తెరిచాననే అనుకుంది...

టక్... టక్.

లే. లే. లే.

కాస్త ఆగి, చాలా ఓపికగా, ఇంకోసారి.

టక్... టక్.

అప్పుడు, ఆవిడ తలకి పైన, మంచం మీదనించి, చిన్న చేతి కణుపులు గోడ మీద ఆడాయి.

టక్ టక్.

చేతిలో ఉన్న పిచ్చుక చెయ్యి ఎప్పుడు జారిపోయిందో ఆవిడకి తెలీలేదు. ఏదో మెల్లగా, చాప అంచు మీదుగా, ఆవిడ మోకాళ్ళకి రాసుకుంటూ పాక్కుంటూ వెళ్ళింది. మంచం కిర్రుమంది. దుప్పటి ఎత్తిన చప్పుడు, దించిన చప్పుడు. ఆ తర్వాత ఆవిడ నిజంగానే నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి గదినిండా ఎండ. వంటింట్లో గిన్నెల చప్పుడు. పెద్దాడు సాక్సు దొరకలేదని అరుస్తున్నాడు. ఆవిడ ఒక్క ఉదుటున లేచింది. మంచం ఖాళీ. అప్పుడు చూసింది.

పిచ్చుక కిటికీ దగ్గర నిలబడి ఉంది. యూనిఫాం వేసేసుకుంది. ఎన్నడూ లేంది, తనంతట తనే. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కళ్ళు తేటగా ఉన్నాయి. మూడు రోజుల అలసట మచ్చుకైనా లేదు. ఏమీ జరగలేదు. పిల్ల బాగుంది. ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది.

“నిద్రపోయావా తల్లీ? బాగా పట్టిందా?”

“ఊఁ. ఇవాళ ఇరుకు లేదు.”

“ఇలా రా.” ఆవిడ నేల మీద కూర్చునే చేతులు చాచింది. “అమ్మ దగ్గరికి రా.”

పిచ్చుక నవ్వింది. ఒక అడుగు వేయబోయింది. వేయబోయి, ఆగి, తన ఎడమ పక్కకి తిరిగింది. అక్కడ ఎండ పడిన గోడ తప్ప ఏమీ లేదు. తనకన్నా కాస్త ఎత్తులో ఉన్న దేన్నో చూస్తున్నట్టు తలెత్తి చూసింది. కాసేపు విన్నది. తర్వాత అమ్మ వైపు తిరిగి, జాలిగా తల అడ్డంగా ఊపింది.

“వద్దంట,” అంది.